అడవి ఈస్ట్‌కు వేరే పంక్తి వేయాలా?

బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారి మధ్య చాలాకాలంగా నలుగుతున్న తగవు ఒకటుంది. అడవి ఈస్ట్‌తో పులిసిన బీర్లను ప్రత్యేక శైలిగా లెక్కించి వాటికి వేరే పంక్తి వేయాలా, లేక మిగతా ఏల్‌లు, లాగర్‌లు, స్టౌట్‌ల మధ్యనే కూర్చోబెట్టాలా అన్నది ఆ తగవు. ఏదో ఒక తీర్పు చెప్పేముందు ఆ ‘అడవి’ ముద్ర ఎప్పుడు పడిందో, ఎవరు వేశారో చూడాలి. ఎందుకంటే బీరుకున్న వేల ఏళ్ల ఆయుష్షులో ఆ ముద్ర వయసు నూట నలభై ఏళ్లు మాత్రమే.

సుమేరియన్లు క్రీ.పూ. 1800 ప్రాంతంలో నిన్‌కాసి అనే బీరు దేవతను కీర్తిస్తూ మట్టి పలకల మీద స్తోత్రం రాసుకున్నారు. ఆ దేవత చేతిలో ధాన్యం ఉంది, నీరు ఉంది, పులిపించే జీవి ఊసు మాత్రం లేదు. మూడు వేల ఏళ్లు దాటాక, 1516లో బవేరియా డ్యూక్ నాలుగో విల్‌హెల్మ్ పేరుపడ్డ శుద్ధి చట్టం తెచ్చినప్పుడూ అంతే. బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ ఉండరాదని శాసించిన ఆ చట్టం ఈస్ట్ మాటే ఎత్తలేదు. నిన్నటి తొట్టెలో మిగిలిన నురగను నేటి తొట్టెలో వేస్తే బాగా పొంగుతుందని బ్రూవర్లకు తెలుసు, కానీ ఆ నురగ ప్రాణమున్న వస్తువని తెలియదు. తెలియకుండానే వాళ్లు ఈస్ట్‌ను తరతరాలుగా మచ్చిక చేసుకుంటూ వచ్చారు. మన గీత కార్మికుడు దించే కల్లుదీ ఇదే కోవ. లొట్టిలోకి చుక్కచుక్కగా దిగే తీపి నీరు, ఎవరూ ఏదీ కలపకుండానే, చెట్టు మీదే పులవడం మొదలుపెడుతుంది. తాటికల్లు, ఈతకల్లు అని చెట్టును బట్టి, పొద్దుటిది, మాపటిది అని వేళను బట్టి తాగేవాళ్లు దాన్ని వేరు చేశారు గాని, లోపల పులిపించినది ఏ జీవి అని ఆరా తీయలేదు. తీయాల్సిన అవసరమూ కలగలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో పోర్టర్ రాజ్యమేలింది. ఆ నల్ల బీరును నెలల తరబడి పెద్ద పెద్ద చెక్క తొట్లలో మగ్గపెట్టేవారు. ఆ తొట్లు ఎంత పెద్దవంటే, 1814 అక్టోబరు 17న టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దగ్గరి హార్స్ షూ బ్రూవరీలో ఇరవై రెండు అడుగుల ఎత్తున్న ఒక తొట్టి పగిలి, బీరు వెల్లువ ఇళ్ల మీద పడి ఎనిమిది మంది చనిపోయారు. పాతబడిన పోర్టర్‌లో కొద్దిగా పులుపు, కొద్దిగా తోలు వాసన చేరేవి. లండన్ జనం దాన్ని లోపమనుకోలేదు. వయసు తెచ్చిన పెద్దరికం అనుకున్నారు, దానికి ఎక్కువ ధర కూడా ఇచ్చారు.

అసలు మలుపు 1870లలో వచ్చింది. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద తన గ్రంథం ప్రచురించి, పులియడం సూక్ష్మజీవుల పని అని, బీరు చెడిపోవడం కూడా వేరే సూక్ష్మజీవుల పనే అని వివరించాడు. అంతకు ముందు సంవత్సరమే కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ యజమాని జె.సి. జాకబ్‌సెన్ తన బ్రూవరీకి ప్రయోగశాల పెట్టించాడు. అక్కడ ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఈస్ట్‌ను నీటిలో పలుచన చేస్తూ చేస్తూ ఒకే ఒక్క కణం దాకా వెళ్లి, దాని సంతానాన్ని మాత్రమే పెంచి, 1883లో మొట్టమొదటి శుద్ధ ఈస్ట్‌ను తొట్టెలో వేశాడు. జాకబ్‌సెన్ ఆ ఈస్ట్‌ను దాచుకోకుండా అడిగిన బ్రూవరీలకు ఉచితంగా పంచాడు. పరిశ్రమ చరిత్రలో అంతటి ఔదార్యం అరుదు. అక్కడి నుంచి బీరు ప్రపంచం రెండుగా చీలింది. ప్రయోగశాల గొట్టంలో పెరిగినది పెంపుడు ఈస్ట్, మిగిలినదంతా అడవి ఈస్ట్, అంటే చెరుపు. గాలిలోనూ చెక్కలోనూ అప్పటిదాకా పేరు లేకుండా బతికిన జీవులు ఒక్కసారిగా దొంగలయ్యాయి.

చిత్రమేమిటంటే, ఆ దొంగల్లో ఒకడికి పరువు తెచ్చిందీ అదే ప్రయోగశాల. కార్ల్స్‌బర్గ్‌లోనే పనిచేసిన నీల్స్ యెల్టె క్లాసెన్ ఇంగ్లండ్ పాత ఏల్‌లకు ఆ ప్రత్యేక పరిమళం ఎక్కడిదని వెతికి, మామూలు ఈస్ట్ పని ముగిశాక నెమ్మదిగా పనిచేసే మరో ఈస్ట్‌ను పట్టుకున్నాడు. 1904లో లండన్‌లో ఆ సంగతి వెల్లడించి, బ్రిటన్ పేరు మీదనే దానికి బ్రెట్టనోమైసెస్ అని పేరు పెట్టాడు. ఇంగ్లిష్ బీరుకు ఇది అవసరమని ఆయన వాదన. అయితే అప్పటికే శుద్ధి గాలి జోరుగా వీస్తోంది. తాజాగా, చవగ్గా, త్వరగా అమ్ముడుపోయే బీరు ముందు పాత ఏల్ నిలవలేదు.

నిలిచినచోటు ఒకటుంది. బ్రస్సెల్స్ చుట్టూ సెన్ నది లోయ, దాని పక్కన పయోటెన్‌లాండ్ పల్లెలు. లాంబిక్ అక్కడి బీరు. బార్లీ మాల్ట్‌తో పాటు మూడో వంతు దాకా మొలకెత్తించని గోధుమ వేస్తారు. ఏళ్ల తరబడి నిల్వ ఉంచి చేదు పోగొట్టిన హాప్స్ వేసి గంటల సేపు మరిగిస్తారు. బ్రస్సెల్స్‌లో 1900 నుంచి నడుస్తున్న కాంటియాన్ బ్రూవరీ అటక మీదికి ఎక్కితే, ఆ మరిగిన రసాన్ని పోసే వెడల్పాటి, లోతు తక్కువ రాగి పళ్లెం కనిపిస్తుంది. దాన్ని కూల్‌షిప్ అంటారు. చలి రాత్రి తలుపులు తెరిచి, రసాన్ని తెల్లవార్లూ చల్లారనిస్తారు. అక్కడ సాలెగూళ్లు దులపరు, ఈగల సంగతి సాలీళ్లు చూసుకుంటాయని. ఈ పని అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ దాకానే. ఎండలు ముదిరితే అక్కరలేని జీవులు పోటెత్తుతాయి. తెల్లారి రసం పీపాల్లోకి దిగుతుంది. మొదటి వారాల్లో పేగు బ్యాక్టీరియా జాతులు, ఆ తర్వాత మామూలు బీరు ఈస్ట్ బంధువులు, కొన్ని నెలలకు లాక్టిక్ బ్యాక్టీరియా, చివరగా బ్రెట్టనోమైసెస్, ఇలా ఒకదాని వెనుక ఒకటి వరుసగా పని అందుకుంటాయి. వీటిలో చాలావరకు గాలితోపాటు పీపా చెక్కలోనూ కాపురం ఉంటాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఒకటి, రెండు, మూడేళ్ల పీపాలు కలిపి సీసాలో మళ్లీ పులియనిస్తే గ్యూజ్, పుల్ల చెర్రీలు నానబెడితే క్రీక్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తీపి పానీయాలకు అలవాటుపడిన నాలుకలు ఈ పులుపును దూరం పెట్టాయి. చక్కెర కలిపిన క్రీక్ దుకాణాలకెక్కింది, బ్రూవరీలు వరసగా మూతపడ్డాయి. 1965లో బెల్జియం రాజశాసనంతో లాంబిక్‌కు చట్టపరమైన నిర్వచనం ఏర్పడింది. 1970లలో ఫ్రాంక్ బూన్ కొత్తగా ఈ పనిలోకి దిగాడు. 1978లో జాన్ పియెర్ వాన్ రాయ్ కాంటియాన్‌ను పనిచేసే మ్యూజియంగా మార్చి దాన్ని బతికించుకున్నాడు. 1997లో లాంబిక్ తయారీదారులు హోరాల్ అనే సంఘం కట్టుకున్నారు. అదే కాలంలో యూరోపియన్ యూనియన్ ‘ఔడె గ్యూజ్’, ‘ఔడె క్రీక్’ పేర్లకు సంప్రదాయ ఉత్పత్తులుగా రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ తయారీ పద్ధతికే గాని నేలకు కాదు. కాబట్టి, అడవి ఈస్ట్ బీరుకు చట్టం గీసిన మొదటి గీతలు ఏ ఈస్ట్ అన్నదాని మీద కాక, ఎలా చేశారన్నదాని మీదే గీసినవి. నా అభిప్రాయంలో ఈ తగవుకు పరిష్కారం అప్పుడే దొరికింది, తర్వాతివారు దాన్ని చేజార్చుకున్నారు.

శైలుల పట్టిక మాత్రం వేరే దారిలో పుట్టింది. 1977లో మైకేల్ జాక్సన్ (పాటల ఆయన కాదు, యార్క్‌షైర్ పత్రికా రచయిత) ప్రపంచ బీర్ల మీద రాసిన పుస్తకంతో బీర్లను శైలులుగా చూసే అలవాటు స్థిరపడింది. 1985లో అమెరికాలో ఏర్పడిన బీరు న్యాయనిర్ణేతల సంస్థ, బీజేసీపీ, ఆ అలవాటును నిబంధనల పుస్తకంగా మార్చింది. దాని 2008 ప్రతిలో లాంబిక్, గ్యూజ్, బెర్లినర్ వైసె, ఫ్లాండర్స్ ఎర్ర బీరు అన్నీ పుల్లటి ఏల్‌ల వర్గంలో కూర్చున్నాయి. సీసాలో నింపేటప్పుడు బ్రెట్టనోమైసెస్ చేర్చే ఆర్వాల్ మఠం బీరును మాత్రం ‘బెల్జియన్ ప్రత్యేకాలు’ అనే కలగూరగంపలో వేశారు. అది పుల్లగా ఉండదు మరి.

ఈలోగా అమెరికన్లు రంగంలోకి దిగారు. ఫ్లాండర్స్‌లోని రోడెన్‌బాక్ బ్రూవరీలో పనిచేసిన పీటర్ బూకార్ట్ 1996లో కొలరాడోలోని న్యూ బెల్జియం బ్రూవరీకి వెళ్లి, చెక్క పీపాల పుల్ల బీరును అక్కడ నాటాడు. మెయిన్ రాష్ట్రంలోని అలాగాష్ బ్రూవరీ 2007లో కూల్‌షిప్ కట్టించి, అట్లాంటిక్ అవతల కూడా గాలికి వదిలిన రసం బీరవుతుందని రుజువు చేసింది. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్, మిషిగన్‌లో జాలీ పంప్‌కిన్ బ్రూవరీలు ఎవరి బాటలో వాళ్లు నడిచారు. ఈ వెల్లువకు చోటివ్వడానికి బీజేసీపీ 2015లో ఇరవై ఎనిమిదో విభాగం తెరిచి ‘అమెరికన్ వైల్డ్ ఏల్’ అంది. వైల్డ్ అన్నంత మాత్రాన గాలి నుంచి పులిసిందని అర్థం కాదని తనే వివరణ కూడా చేర్చుకుంది. ఆ విభాగంలోకి వచ్చే బ్రెట్ (బ్రెట్టనోమైసెస్‌కు పొట్టి పేరు) ఎక్కువగా ఈస్ట్ కంపెనీలు గొట్టాల్లో పెంచి అమ్మేదే. పైగా బ్రెట్ బీరు పంపేవారు దాని మూల శైలి ఏదో చెప్పాలి, లేదా బీరును వర్ణించి పంపాలి.

ఆపైన జన్యుశాస్త్రం వచ్చి ఈ పేర్లను ఇంకా ఇబ్బందిలో పెట్టింది. వైట్ ల్యాబ్స్ అనే ఈస్ట్ కంపెనీ ‘ట్రోయిస్’ పేరుతో బ్రెట్టనోమైసెస్‌గా అమ్మిన ఒక ఈస్ట్, పరీక్షిస్తే మామూలు బీరు ఈస్ట్, అంటే సాకరోమైసెస్ జాతిదని తేలింది. దానితో నూరు శాతం బ్రెట్ బీరు చేశామని మురిసినవాళ్లు నిజానికి పెంపుడు జాతి బంధువుతోనే చేశారు. 2011లో పటగోనియా అడవుల్లో బీచ్ చెట్ల బొడిపెల మీద దొరికిన సాకరోమైసెస్ యూబయానస్, లాగర్ ఈస్ట్‌కు తల్లో తండ్రో అని రూఢి అయింది. అంటే అత్యంత శుభ్రమైనదని పేరుపడ్డ లాగర్ వంశంలోనే సగం అడవి రక్తం ఉంది. 2016లో హైనెకెన్ ఆ అడవి ఈస్ట్‌నే వాడి ‘హెచ్41’ అనే లాగర్ విడుదల చేసింది. అది రుచికి లాగరే. కళ్లు మూసి తాగిన ఏ న్యాయనిర్ణేతా దాన్ని ఇరవై ఎనిమిదో విభాగంలో వేయడు.

అందుచేత ఈస్ట్ పుట్టుకను బట్టి వర్గం కట్టడం నాకు సమ్మతం కాదు. బీజేసీపీ 2021 సవరణలో ఇరవై ఎనిమిదో విభాగానికే ‘స్ట్రెయిట్ సోర్’ అనే ఉపవిభాగం చేర్చారు. లాక్టిక్ పులుపు తప్ప బ్రెట్ జాడే అక్కరలేని బీరు అది, ఉండేది మాత్రం వైల్డ్ శీర్షిక కింద. గాలికి, చెక్కకు, కాలానికి వదిలి పులిపించిన బీరుకు మాత్రం వేరే పంక్తి తప్పకుండా వేయాలి. ఆ పద్ధతి వేరు, ఆ రుచి వేరు, మరో దారిలో అది రాదు. ఇలా సర్దితే అలాగాష్ కూల్‌షిప్ పీపాలు లాంబిక్ పక్కకు చేరతాయి, ఆర్వాల్ బెల్జియన్ ఏల్‌ల మధ్యకు వెళుతుంది, సెయిజోన్ అనే ఏల్ బ్రెట్ వేసినా సెయిజోన్‌ల వరుసలోకే వస్తుంది, స్ట్రెయిట్ సోర్ వెళ్లి బెర్లినర్ వైసె సరసన కూర్చుంటుంది.