ఆన్‌లైన్ వీడియోలు – క్రియేటర్ల హక్కులు

ఇంటర్నెట్‌లో వీడియో పెట్టినవారికి దానిపై ఉండే కాపీరైటు, వేదిక తీసుకునే అనుమతి, తొలగింపు ఫిర్యాదులు – వీటి చుట్టూ 2005 నుంచి సాగుతున్న చరిత్ర ఇది. సొంతంగా తీసుకున్న వీడియోపై హక్కు మొదటినుంచీ తీసినవారిదే. పేచీ అంతా ఆ హక్కును నిలబెట్టుకునే స్తోమత ఎవరికుందన్న దగ్గరే.

యూట్యూబ్‌లో తొలి వీడియో 2005 ఏప్రిల్ 23న వచ్చింది. ఆ రోజుల్లోనే అమెరికాలో పుట్టిన రెవర్, బ్లిప్ టీవీ అనే వీడియో సైట్లు ప్రకటనల రాబడిలో సగం క్రియేటర్లకు ఇచ్చేవి. యూట్యూబ్ అప్పట్లో పైసా ఇచ్చేది కాదు. అయినా జనం అటే మొగ్గారు. 2006లో గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొన్నది. యూట్యూబ్ వాటా పంచడం 2007లో మొదలైంది. బ్లిప్ 2015లో మూతపడింది.

వీడియో మీదేనని యూట్యూబ్ షరతులు చెబుతాయి. ఆ వెంటనే, రాయల్టీ లేకుండా ప్రపంచమంతటా వాడుకునే లైసెన్సూ రాయించుకుంటాయి. అయితే అది ఒక్క యూట్యూబ్‌కే పరిమితమైన హక్కు కాదు గనుక అదే వీడియోను మరోచోటా అమ్ముకోవచ్చు.

ఫిర్యాదు అందగానే తీసేస్తే వేదికపై బాధ్యత పడదని అమెరికా 1998లోనే చట్టం చేసింది. అది చాలదంటూ మీడియా సంస్థ వయాకామ్ 2007లో యూట్యూబ్‌పై వంద కోట్ల డాలర్లకు దావా వేసింది. 2014లో రాజీ పడింది. నకళ్లను పట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ వచ్చింది కూడా 2007లోనే. హక్కుదారు తన పాట ప్రతిని ముందే ఇచ్చిపెడితే, కొత్తగా ఎక్కే వీడియోలన్నిటినీ యంత్రం దానితో పోలుస్తుంది. కలిస్తే వీడియోను ఆపవచ్చు, లేదా దానిమీద వచ్చే ప్రకటనల డబ్బు తానే తీసుకోవచ్చు. ఈ సదుపాయం ప్రధానంగా పెద్ద కంపెనీలకే దక్కింది. మామూలు క్రియేటర్ల వీడియోల నకళ్లు పట్టిచ్చే కాపీరైట్ మ్యాచ్ టూల్ 2018లో గానీ రాలేదు.

2007లోనే ఒక తల్లి వంటింట్లో గెంతులేస్తున్న పసివాణ్ణి తీసి పెట్టింది. 29 సెకన్ల వీడియో. వెనుక గాయకుడు ప్రిన్స్ పాట వినీవినబడనట్టు ఉంది. సంగీత సంస్థ యూనివర్సల్ దాన్ని తీయించింది. ఆమె కోర్టుకెక్కితే, ఫిర్యాదుకు ముందు అది చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకమా కాదా అని ఆలోచించి తీరాలని అప్పీలు కోర్టు 2015లో తేల్చింది. అంతకాలం కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది!

భారత్‌లో కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఇంకో దారి పట్టింది. దాని వెంట వచ్చిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు వస్తే వేదిక 36 గంటల్లో ఆ వీడియోను ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే వేదిక తిరిగి పెట్టుకోవచ్చు. ఇక హక్కు ఎవరిదన్న విషయానికొస్తే, మన చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. తెలుగు షార్ట్‌ఫిల్మ్ తీసే మిత్రబృందాలకూ ఇదే వర్తిస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది.