పరదేశీయుల తెలుఁగుమాటకుఁ బరీక్ష

ఒక భాష మాతృభాషగాఁ గలవారికి దానిని మాటాడుట యొక విద్యగాఁ దోఁపదు. పరభాషీయుఁ డెవఁడైన దానిని నేర్చి పలుకఁబూనినప్పుడే యాతని నేర్పును దేనితోఁ గొలువవలెనను ప్రశ్న పుట్టును. ఆంధ్రదేశమున నీ ప్రశ్న కేవలము పండితచర్చ కాలేదు. కుంఫిణీ పాలనమున రైతుల భూములును వ్యాజ్యములును దీనిపై నాధారపడి యుండెను.

కృష్ణామండలపు మెట్టసీమలోని కంచికచర్ల నుదాహరణముగాఁ గైకొనవచ్చును. ఈ గ్రామము మచిలీపట్టణమునుండి హైదరాబాదునకుఁ బోవు బాటపై, నందిగామకుఁ దూర్పుదిక్కున నున్నది. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలోఁ జేరినది. పూర్వ మీ ప్రాంతము వాసిరెడ్డివారి జమీలోనిది. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు బేతవోలును దన తండ్రిపేర జగ్గయ్యపేటగా వెలయించెను. 1816లో నాతఁడు గతింపఁగా దత్తపుత్రుల నడుమ దాయవ్యాజ్యము పుట్టి యేండ్లతరబడి న్యాయస్థానములలో నడచెను. ఇట్టి తగవులలో నీ సీమ సాక్షుల మాట తెలుఁగు, తీర్పరి యాంగ్లేయుఁడు. ఆతనికిఁ దెలుఁగు రానిచో దుబాసి చెప్పినదే సాక్ష్యమగును.

ఈ కొఱఁత తీర్చుటకు 1812లోఁ జెన్నపట్టణమున సెంటుజార్జికోట కాలేజీ నెలకొల్పఁబడెను. దానికి మూలపురుషుఁడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. సీమనుండి క్రొత్తగా వచ్చిన యుద్యోగు లచట మునిషీలయొద్ద దేశభాషలు చదివి పరీక్ష లిచ్చుచుండిరి. కాలేజీ నిర్వాహకసభకుఁ గార్యదర్శియైన ఎ. డి. క్యాంబెల్ 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును బ్రకటించెను. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విద్యార్థులకై రచించిన విక్రమార్కుని కథలు 1819లో వెలువడెను. 1854లో నీ కాలేజీ యెత్తివేయఁబడి, దానిస్థానమునఁ బరీక్షకుల సభ యేర్పడెను.

అచట నెగ్గినవారందఱు మాటలో నెగ్గినవారే యని చెప్పుటకు వలను పడదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లోఁ జెన్నపట్టణము చేరి, వెలగపూఁడి కోదండరామపంతులు వద్దఁ దెలుఁగు మొదలుపెట్టి, 1820లోఁ బరీక్ష నిచ్చి కడపకుఁ బోయెను. అక్కడి కలెక్టరు హాన్బరీ తెలుఁగున ధారాళముగా మాటాడువాఁడు. చుట్టు నున్న జనులభాషయుఁ దెలుఁగే. బ్రౌనునకు మాటాడుట యచట నేర్చుకొనక తీఱలేదు. పిమ్మట నాతఁడు మచిలీపట్టణముననుఁ బనిచేసెను. 1840 నాఁటి తన వ్యాకరణమునఁ గావ్యభాషకును వ్యవహారభాషకును గల భేదమును జూపుట కీ యనుభవమే తోడ్పడియుండును.

మచిలీపట్టణపు మతప్రచారకులలోనివాఁడగు ఎ. హెచ్. ఆర్డెను 1873లోఁ బ్రకటించిన వ్యాకరణము మఱియొక మెట్టు. అందు వ్యవహారభాషకు సమగ్రవ్యాకరణము ముందును, గ్రంథభాష తరువాతను జెప్పఁబడినవి. పండితుఁడు బాలునకుఁ జెప్పు క్రమ మిది గాదు. పరదేశీయునకుఁ గావలసిన క్రమ మిదియే.

చీనాదేశమునను నిట్టి భేదమే కానవచ్చును. అచటఁ బ్రాచీనగ్రంథముల భాష వేఱు, పెకింగు నగరమున మాటాడు భాష వేఱు. తామస్ వేడ్ 1867లోఁ బ్రకటించిన పాఠ్యగ్రంథమునకు నగరపు మాటయే యాధారము. ఆ భాషలో ‘మా’ యను నక్షరము స్వరభేదముచేఁ దల్లి యనియు, నారమొక్క యనియు, గుఱ్ఱ మనియు, తిట్టుట యనియు నర్థమిచ్చును. స్వరము తప్పినవాఁడు వేలకొలఁది లిపులు వ్రాయనేర్చినను వినువానికిఁ దన యర్థము నందింపలేఁడు. అందుచేతనే యిటీవల నన్యదేశీయులకుఁ జీనాభాషలో వ్రాఁతపరీక్షకుఁ దోడు ప్రాథమిక, మధ్యమ, ఉన్నతశ్రేణులుగా వాక్పరీక్ష యేర్పడెను.

తెలుఁగునకు నాలుగు స్వరములు లేకున్నను వేఱు చిక్కులు గలవు. మొదటిది యుచ్చారణము. ‘మడి’ యనవలసినచోట ‘మది’ యనినఁ బొలము మనస్సగును. ‘పాలు’ను ‘పలు’ అనిన భాగము పెక్కగును. రెండవది పదము. ‘క్షేత్రము’, ‘కర్షకుఁడు’ అను మాటల నెఱిఁగియు మెట్ట, మాగాణి, కౌలు, శిస్తు అను మాటల నెఱుఁగనివానికిఁ గంచికచర్ల రైతు మొఱ తెలియదు. మూఁడవది మర్యాద. వృద్ధుఁడైన కరణమును ‘మీరు’ అనక ‘నీవు’ అనువాని వాక్యము వ్యాకరణశుద్ధమైనను సభాశుద్ధము గాదు. నాలుగవది ప్రత్యుత్తరము. రైతు చెప్పినది విని, తెలియనిచోటఁ దిరిగి యడిగి, తాను గ్రహించినదానిని రైతునకే మరలఁ జెప్పి, యాతనిచే ‘ఔను’ అనిపించుకొనఁగలవాఁడే మాట వచ్చినవాఁడు. ఈ నాలుగింటిలోఁ గడపటిదానిని వ్రాఁతపరీక్ష యేవిధమునను గొలువఁజాలదు.

1907 ప్రాంతమునఁ బాఠశాలల యినస్పెక్టరు జె. ఎ. యేట్సు పుస్తకపుఁ దెలుఁగునకును జనులు మాటాడు తెలుఁగునకును నింత యంతర మేల యని యడిగెను. ఆ ప్రశ్నను గిడుగు వేంకటరామమూర్తి, గురజాడ అప్పారావు చేపట్టఁగా భాషావివాదము దేశమంతట వ్యాపించెను. పరదేశీయుఁ డొకఁడు తెలుఁగు నేర్వఁబోయి యడిగిన ప్రశ్న తెలుఁగుబాలుర చదువుకే వచ్చి తగిలెను. ఆ వివాదమున నే పక్షమువారైనను నొక్కవిషయ మంగీకరింపవలసియుండును. గ్రంథభాషాపాండిత్యమును గ్రంథముతోఁ బరీక్షింపవచ్చును. మాటకుఁ బరీక్షకుఁడు మాత్రము వినువాఁడే.