లారీ క్యాబిన్ మార్చాలంటే: ఆర్సీ, చాసిస్ నంబరు, ఇన్సూరెన్స్ చిక్కులు

చండ్రుగొండ చుట్టుపక్కల లారీ అంటే ఒక ఇంటి బతుకుదెరువు. సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర, అశ్వారావుపేట ఫ్యాక్టరీకి పామాయిల్ గెలలు, సింగరేణి బొగ్గు, ఇసుక, కంకర, ఏదో ఒకటి తోలుతూనే ఉంటారు. అడవి మలుపులో రాత్రిపూట చెట్టుకో, ఎదురు బండికో తగిలితే చాలాసార్లు ఇంజనూ చాసిసూ బాగానే ఉంటాయి, క్యాబిన్ మాత్రం నుజ్జవుతుంది. అప్పుడు ఓనరు ఖమ్మం షెడ్లకో, విజయవాడ ఆటోనగర్‌కో పోయి సెకండ్ హ్యాండ్ క్యాబిన్ చూసుకుంటాడు. నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. చిక్కు బయటపడేది తర్వాతే, ఎఫ్‌సీకి పోయినప్పుడో, బండి అమ్మబోయినప్పుడో.

ముందు తెలుసుకోవాల్సింది లారీకి గుర్తింపు ఎక్కడుందన్నది. అది క్యాబిన్‌లో లేదు, చాసిస్ మీద ఉంది. సాధారణంగా కుడివైపు ముందు చక్రం దగ్గర ఫ్రేముపై చాసిస్ నంబరు పంచ్ చేసి ఉంటుంది. ఇప్పటి బండ్లకు అది 17 అక్షరాలు, అంకెల నంబరు. టాటా బండ్లకు ఎంఏటీ అనీ, అశోక్ లేలాండ్‌కు ఎంబీ1 అనీ మొదలవుతుంది. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు, 1, 0 అంకెలతో కలిసిపోతాయని. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పెన్సిల్‌తో ప్రింట్ తీసి ఆర్సీతో సరిచూసేది ఈ నంబరునే. కాబట్టి క్యాబిన్ మారినంత మాత్రాన బండి వేరే బండి అయిపోదు, కొత్త రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

కానీ గుర్తింపు తునకలు కొన్ని క్యాబిన్‌తో పాటే పోతాయి. కంపెనీ రివెట్ కొట్టిన ప్లేటు, ముందు హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు, అద్దం లోపల ఎడమ వైపు పైమూలన ఉండే హోలోగ్రామ్ స్టిక్కరు, ఫాస్టాగ్, ముందు రాసుకున్న ఎన్‌పీ అక్షరాలు, ఇవన్నీ పాత క్యాబిన్‌వి. అటు కొనుక్కొచ్చిన క్యాబిన్‌పై వేరే బండి తునకలుంటాయి. హోలోగ్రామ్ స్టిక్కరు మీద ఆ బండి రిజిస్ట్రేషన్, ఇంజన్, చాసిస్ నంబర్లు మూడూ అచ్చేసి ఉంటాయి. దాన్ని గీకకుండా అలాగే తోలితే చెక్‌పోస్టులో ఒక బండికి రెండు పేర్లు కనిపిస్తాయి. అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

ఫాస్టాగ్ సంగతి ఇంకా తమాషా. పాత ఓనరు ట్యాగ్ అద్దానికి అలాగే ఉంటే, టోల్ గేటు దగ్గర అతని ఖాతాలోంచే డబ్బు కట్ అవుతుంది. అతను ఫిర్యాదు చేస్తే వెతుక్కుంటూ వచ్చేది ఈ లారీ దగ్గరికే. అందుకే క్యాబిన్ దించిన రోజే పాత ట్యాగ్ తీసేసి, తన నంబరు మీద కొత్త ట్యాగ్ బ్యాంకు నుంచి తెచ్చుకోవాలి. ఒకసారి ఊడదీసిన ట్యాగ్ మళ్లీ అతికించినా పనిచేయదు. తన పాత క్యాబిన్ తుక్కుకు అమ్మేటప్పుడూ అంతే: నంబర్ ప్లేటు, స్టిక్కరు, ట్యాగ్ తీసుకున్నాకే ఇవ్వాలి. వేరేవాడు ఆ ప్లేటు వాడుకుని చలాన్లు తెస్తే ఇంటికి వచ్చేది తన పేరు మీదే.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి నిర్మాణంలో చేసే, దాని మూల స్వరూపాన్నే మార్చే పని అని ఆ సెక్షనే వివరణ ఇచ్చింది. 2019 జనవరి 9న కేరళ ఆర్టీవో, కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అంతకు ముందు కేరళ హైకోర్టు మార్పులకు కొంత వెసులుబాటు ఇచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

దీన్నిబట్టి, అదే కంపెనీ, అదే మోడల్, అదే రకం క్యాబిన్ వేస్తే దాన్ని రిపేరుగా చూపించుకోవడానికి దారి ఉంది. చిన్న క్యాబిన్ తీసేసి స్లీపర్ వేయడం, వేరే మోడల్‌ది కోసి అతికించడం మార్పు కిందికే వస్తాయి. ఆర్సీలో రంగు, బాడీ రకం, సీట్లు, ఖాళీ బండి బరువు ఉంటాయి. వాటిలో ఏది మారినా ఆఫీసుకు చెప్పాల్సిందే. మంచి పద్ధతి ముందే అడిగి అనుమతి తీసుకోవడం. జరిగిపోయిన మార్పును 14 రోజుల్లో ఆర్సీతో సహా తెలపాలని అదే సెక్షన్ అంటోంది. 14 రోజులన్నది గడువే గానీ, చేయకూడని మార్పును ఒప్పించే మంత్రం కాదు.

బరువు లెక్క చాలామంది పట్టించుకోరు. రెండు యాక్సిళ్ల లారీకి 2018లో మొత్తం బరువు పరిమితి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. క్యాబిన్ 200 కిలోలు బరువెక్కితే ఆ పరిమితి పెరగదు, లోడే 200 కిలోలు తగ్గాలి. పాత లెక్కతో తోలితే కాటా దగ్గర ఓవర్‌లోడ్ అవుతుంది.

ఏసీ గురించి కూడా అడుగుతుంటారు. 2025లో నిబంధన అమల్లోకి వచ్చాక తయారైన పెద్ద, మధ్యరకం లారీలకే క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. పాత బండికి క్యాబిన్ మారిస్తే ఏసీ పెట్టాలని ఆ నిబంధన చెప్పదు.

క్యాబిన్ ఎక్కడిదన్నది అన్నింటికంటే పెద్ద ప్రశ్న. దొంగిలించిన బండ్లు ముక్కలై అమ్ముడవుతాయి. దొంగసొత్తని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది. 'సగం రేటుకే ఇస్తున్నాడు భాయ్' అన్న మాట వినపడితేనే ఆగాలి. బిల్లు మీద అమ్మిన షాపు పేరు, జీఎస్టీ నంబరు, ఏ బండి నుంచి దింపారో దాని రిజిస్ట్రేషన్, చాసిస్ నంబర్లు రాయించుకోవాలి. ఆ నంబర్లు పోలీసుల రికార్డులో దొంగబండివా కావా అన్నది డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. టింకరింగ్, పెయింటింగ్ షెడ్లు నడిపే మన కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. సరుకులో ఐబు దాచి అమ్మడం దీన్‌లోనూ నాజాయజే, చట్టం దాకా పోనక్కర్లేదు.

పని చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. వెల్డింగ్, గ్రైండింగ్, పుట్టీ ఏదీ చాసిస్ నంబరు మీద పడకూడదు. తుప్పుతో నంబరు చెరిగినట్టుంటే ఆర్టీఏ రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ పంచ్ కొట్టించకూడదు. అమెరికాలో బండి గుర్తింపు నంబరు తీసేసినా, మార్చినా ఫెడరల్ చట్టం కింద 5 ఏళ్ల వరకు జైలు. అక్కడ పాత ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్లకు కొత్త క్యాబిన్ కలిపి లారీ కట్టే అలవాటుంది. వాటిలో కనీసం రెండు ఒకే బండివి అయితేనే దాన్ని పాత బండిగా లెక్కిస్తారు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసేవారు సర్వేయర్ చూడకముందు క్యాబిన్ విప్పొద్దు. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద పోతుంది. దాటకపోతే ఇనుప భాగాలకు తరుగు కోస్తారు: 5 నుంచి 10 ఏళ్ల బండికి 40 శాతం, 10 ఏళ్లు దాటితే 50 శాతం. లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, పెయింటు పాలసీలో ఐఎంటీ 23 కలుపుకున్నవారికే వస్తాయి. ఫైనాన్స్‌లో ఉన్న బండికి ఫైనాన్సర్ రాతపూర్వక ఒప్పుదల ముందే తీసుకోవాలి.

చాలా ఇళ్లలో లారీ ఇంకా మరణించిన అబ్బాజాన్ పేరు మీదే ఉంటుంది. ఆ పేరుతో కొడుకు దరఖాస్తు పెట్టుకోలేడు. ఇంతికాల్ అయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపితే 3 నెలలు బండి నడుపుకోవచ్చు, ఆ 3 నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. పాలసీ కూడా మార్చుకోవాలి. క్యాబిన్ పని ఆ తర్వాత.

జిల్లా మారిందన్న గందరగోళం కూడా ఉంది. పాత ఏపీ 20, టీఎస్ 04 బండ్లు ఖమ్మంలో రిజిస్టరైనవే. చండ్రుగొండ 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది, ఇక్కడి కోడ్ 28. ఓనరు ఉండే ప్రాంతపు ఆఫీసుకే మార్పు తెలపాలి గనుక వెళ్లాల్సింది కొత్తగూడెం. ఆర్సీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, క్యాబిన్ బిల్లు, పాత కంపెనీ ప్లేటు, విప్పక ముందూ బిగించాకా తీసిన ఫోటోలు పట్టుకుపోతే సరిపోతుంది. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ కాపీ కూడా.