గుడి వెనక ఆకుపచ్చ పెట్టె

మా గుడి పార్కింగ్ చివర ఒక ఆకుపచ్చ ఇనుప పెట్టె ఉంది. అది ట్రాన్స్‌ఫార్మర్. పోయిన వేసవిలో దాని కింద నూనె మరక కనబడింది. పక్కనే పిల్లలు బంతాట ఆడుతున్నారు. "అంకుల్, అది విషమా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. "నూనే కదమ్మా, ఏం కాదు" అనేశాను. ఇంటికి వెళ్లాక సిగ్గేసింది. నాకు తెలియని విషయం ధైర్యంగా చెప్పాను. అందుకే చదవడం మొదలుపెట్టాను.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఆ పెట్టెలో నూనె ఎందుకు? లోపల తీగ చుట్లు ఉంటాయి. వాటికి కాగితం చుట్టి, అన్నిటినీ నూనెలో ముంచుతారు. నూనె వేడిని బయటికి తెస్తుంది. కరెంటు దారి తప్పకుండా అడ్డుకుంటుంది. అలా అడ్డుకునే పదార్థాన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో "బంధకం" అంటారు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను కాబట్టి ఈ మాట నాకు ఇప్పుడే తెలిసింది.

1890ల నాటికే ట్రాన్స్‌ఫార్మర్లలో మినరల్ ఆయిల్ వాడేవారు. అది భూమిలోంచి తీసే పెట్రోలియం నుంచి వస్తుంది. దాని లోపం ఒక్కటే అనుకున్నారు: మండుతుంది. పెద్ద భవనాల్లో, ఆసుపత్రుల్లో అది భయమే కదా. 1929లో అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని ఆనిస్టన్ ఊళ్లో, పీసీబీలు అనే రసాయనాల తయారీ మొదలైంది. అవి సులువుగా మండవు, పాడవవు. భద్రత కోసమే వాటిని ట్రాన్స్‌ఫార్మర్లలో పోశారు.

పాడవకపోవడమే తర్వాత శాపమైంది. 1966లో సోరెన్ యెన్సెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త చేపల్లో, గద్దల్లో పీసీబీలు ఉన్నాయని వెల్లడించాడు. తన పసిపాప వెంట్రుకల్లో కూడా అవి కనబడ్డాయి. 1968లో జపాన్‌లో, ఒక వంటనూనె కర్మాగారంలో, నూనెను వేడి చేసే గొట్టాల్లోంచి పీసీబీ కారి తవుడు నూనెలో కలిసింది. ఆ నూనెతో వండుకుని తిన్న వెయ్యి మందికి పైగా జబ్బు పడ్డారు.

అమెరికా 1976లో చట్టం చేసి, 1979లో పీసీబీల తయారీని నిషేధించింది. కానీ పాత ట్రాన్స్‌ఫార్మర్లు అలాగే ఉండిపోయాయి. 1981 ఫిబ్రవరి 5న న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో, 18 అంతస్తుల ప్రభుత్వ భవనం కింది భాగంలో మంటలు లేచాయి. ఆ వేడికి ట్రాన్స్‌ఫార్మర్ పగిలింది. విషపు మసి భవనమంతా పాకింది. మంట త్వరగానే ఆరింది. భవనం మళ్లీ తెరిచింది మాత్రం 1994లో.

ఇక్కడ నాకు ఒకటి అర్థమైంది. వాళ్లు "మండుతుందా?" అని అడిగారు. "కారితే ఎక్కడికి పోతుంది?" అని అడగలేదు. నేనూ ఆ తల్లికి అలాగే జవాబు చెప్పాను.

1990ల్లో అమెరికాలో సోయా, పొద్దుతిరుగుడు నూనెలతో కొత్త బంధకాలు తయారుచేశారు. ఒకప్పుడు వంటనూనెలో ట్రాన్స్‌ఫార్మర్ విషం కలిసింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లోకే వంటనూనె జాతి వచ్చింది. మినరల్ ఆయిల్ సుమారు 170 డిగ్రీల సెల్సియస్‌కే అంటుకుని మండుతూ ఉంటుంది. వీటికి 300 దాటాలి. నేల మీద కారితే సూక్ష్మజీవులు వీటిని చాలావరకు తినేస్తాయి. పైగా ఈ నూనె కాగితంలోని తేమను తనలోకి లాక్కుంటుంది, అందువల్ల కాగితం ఎక్కువ కాలం నిలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. బాగా చలి వేస్తే చిక్కబడుతుంది. గాలి తగిలితే జిగురవుతుంది. గుడిలో దీపపు కుందులు తోమేది నేనే కాబట్టి ఆ జిగురు నాకు బాగా తెలుసు! అందుకే ట్యాంకుకు గాలి తగలకుండా మూస్తారు.

మరక గురించి కరెంటు కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి చూశారు. అది మినరల్ ఆయిల్, పీసీబీ లేదు. అయినా నూనె తడిసిన మట్టిని తవ్వి తీసుకుపోయారు. తర్వాతి ఆదివారం ఆ తల్లిని వెతికి, "అమ్మా, ఆరోజు తెలియకుండా చెప్పాను" అని అంతా వివరించాను.

మా గుడికి కొత్త హాలు కడుతున్నారు. దానికి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. దానిలో ఏ నూనె పోస్తారని కమిటీ తరఫున ఉత్తరం రాశాను. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.