కొనిన సొమ్ము మరలివచ్చుట



తిరుపతిలో నున్నవాడు నేడు చేతిలోని ఫోనుతో విదేశపు సరకును కొనుచున్నాడు. మనసు మారినచో రద్దు చేయుచున్నాడు. అప్పుడు సొమ్మంతయు మరల వచ్చునా? ప్రశ్న పాతదే. మన స్మృతికర్తలు దీనిని 'క్రీతానుశయ'మని ప్రత్యేక వివాదముగా నెంచిరి. కొనిన దినముననే, చెడకుండ మరలించినవానికి పూర్తి మూల్య మీయవలెనని నారదుడు చెప్పెను. రెండవనాడు ముప్పదవ వంతు కోత; మూడవనాడు దానికి రెట్టింపు; ఆపైన సరకు కొనినవానిదే. యాజ్ఞవల్క్యుడు పరీక్షకు గడువు లేర్పరచెను: ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3, బరువు లాగు పశువునకు 5, విత్తనములకు 10. సంతలో ఆవును కొనిన రైతునకు ఆ మూడు దినముల విలువ నేను చెప్ప నక్కరలేదు! ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను.

అయితే అదంతయు అమ్మువాడు కన్నుల యెదుట నున్ననాటి ధర్మము. 1877లో వి.పి.పి. వచ్చిన పిదప చిత్తూరువాడు చెన్నపట్టణపు అంగడిని చూడకయే సరకు తెప్పింపగలిగెను. కాని పార్సెలు విప్పకముందే తపాలాబంట్రోతునకు సొమ్ము చెల్లింపవలెను. 1986 నాటి వినియోగదారుల చట్టము క్రిందను సాధారణముగా అమ్మినవాని యూరనో, వ్యవహారము జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. 2020 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త చట్టము తిరుపతివానికి తన జిల్లా కమిషనునే చూపినది. ఆ నెలలోనే వెలువడిన ఈ-కామర్సు నిబంధనలు మనవారికి క్రమముగా అమ్ము విదేశీ సంస్థలకును వర్తించును. తాము భరింపని రద్దుఖర్చును అవి కొనువానిపై వేయరాదు.

ఇక డాలరులలో చెల్లించినవాని సంగతి. డాలరులు పూర్తిగా వచ్చినను, నడుమ మారకపు రేటు దిగినచో రూపాయలు తగ్గును. నారదుని కోత ముందే తెలిసినది. ఈ కోత బ్యాంకు లెక్క చూచినపుడే తెలియును. కనుక ఫిర్యాదులో డాలరులతోపాటు ఖాతానుండి పోయిన రూపాయల లెక్కను, రద్దు చేసిన తేదీని గూడ వ్రాయవలెను.