ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధులు – రోగనిరోధక జన్యువులు: భిలాయి ఉక్కు నగరం నేపథ్యంలో ఒక చరిత్ర

ఒకే ఫర్నేస్ దగ్గర, ఒకే షిఫ్టులో, ఒకే దుమ్ము పీల్చిన కార్మికుల్లో కొందరికి నలభై దాటేసరికి ఆయాసం మొదలవుతుంది. మరికొందరు రిటైరయ్యేదాకా దగ్గన్నది ఎరగకుండా పనిచేస్తారు. ఈ తేడాలో కొంత పుట్టుకతో వచ్చేది. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవినీ ధూళికణాన్నీ పసిగట్టి ఎదుర్కొనే ప్రోటీన్ల జన్యువులు మనిషికీ మనిషికీ కాస్త కాస్త మారుతుంటాయి. ఆ మార్పులకూ, సీఓపీడీ (శ్వాసనాళాలు కుంచించుకుపోయే దీర్ఘవ్యాధి), సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చేది), ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టడం) వంటి మొండి జబ్బులకూ ఉన్న లంకె మీద ఆరు దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. ఇనుము, బొగ్గు, సున్నపురాయి ఒకచోట చేరే భిలాయి వంటి ఊళ్లకు ఇది దూరపు విషయమేమీ కాదు.

ఉక్కు నగరం, దాని గాలి

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పుడది మధ్యప్రదేశ్, 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్. ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందిని నుంచి వస్తాయి. పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డవారిలో ఉత్తరాంధ్ర తెలుగువాళ్లు చాలామంది. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం వాళ్లకు దగ్గరి దారి.

ఉక్కు పనిలో ఊపిరితిత్తులను దెబ్బతీసే దుమ్ము ఒక్క రకానిది కాదు. కోక్ ఓవెన్లలో బొగ్గును గాలి తగలనీయకుండా బాగా వేడిచేస్తారు. అప్పుడు తారు ఆవిరులు, సన్నటి మసి లేస్తాయి. ఆ ఓవెన్ల లోపలి గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. వాటిని కోసేటప్పుడూ, పాతవి పగలగొట్టేటప్పుడూ లేచే పొడి మరీ చెడ్డది. గనుల్లో డ్రిల్లింగ్, ఖనిజాన్ని నలగ్గొట్టడం, జల్లించడం సరేసరి. కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనబడనంత సన్నని కణాలే గాలితిత్తుల దాకా వెళ్తాయి. దీనికి బీడీ తోడు, ఇంట్లో కట్టెలపొయ్యి తోడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్టనూ మరచిపోకూడదు.

మాల్మో నుంచి సేలం దాకా

మొదటి ఆచూకీ స్వీడన్‌లోని మాల్మోలో దొరికింది. 1963లో కార్ల్-బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ అనే ఇద్దరు వైద్యులు రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసి చూస్తుంటే, ఐదుగురి నమూనాల్లో ఒక పట్టీ కనబడలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి గాలితిత్తులు చెడిపోయే ఎంఫిసీమా ఉంది. లోపించినది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. దానికి కళ్లెం లేకపోతే ఊపిరితిత్తుల సాగే కణజాలాన్నే తినేస్తుంది. కాలేయంలో తయారయ్యే ఈ ప్రోటీనే ఆ కళ్లెం. దీని జన్యువు సెర్పినా1, 14వ క్రోమోజోమ్ మీద ఉంది. తీవ్రమైన లోపం తెచ్చే జెడ్ రకం ఉత్తర ఐరోపా సంతతిలో కనబడినంతగా భారతీయుల్లో కనబడదు. అందుకే వైద్య పాఠ్యపుస్తకాల్లో ముందుండే ఈ ఉదాహరణ మన రోగుల్లో చాలా కొద్దిమందికే వర్తిస్తుంది. కాపలా కాసే వ్యవస్థే అదుపు తప్పితే ఇల్లు పాడుచేస్తుందన్న సూత్రం మాత్రం ఇక్కడే స్థిరపడింది.

రెండో మలుపుకు మూలం అంతకుముందే ఒక కర్మాగారంలో ఉంది. అమెరికాలోని సేలం పట్టణంలో ఫ్లోరోసెంట్ దీపాలు తయారుచేసే కార్మికులకు వచ్చిన వింత ఊపిరితిత్తుల జబ్బును 1946లో హ్యారియెట్ హార్డీ, ఇర్వింగ్ టాబర్షా వర్ణించారు. కారణం బెరీలియం అనే లోహం. చిత్రమేమిటంటే, కాస్త పీల్చినవాళ్లలోనూ కొందరికి జబ్బు వచ్చింది. బాగా పీల్చినవాళ్లలోనూ కొందరికి రాలేదు. దీనికి జవాబు హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఉంది. 1958లో జాన్ డోసే తొలి హెచ్‌ఎల్‌ఏ ప్రతిజనకాన్ని గుర్తించారు. 1980లో ఆయనకు నోబెల్ దక్కింది. కణం తనకు తగిలిన పరాయి పదార్థపు ముక్కను రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలకు ఎత్తిచూపేది ఈ హెచ్‌ఎల్‌ఏ అణువుల మీదే. 1993లో లూకా రికెల్డి బృందం హెచ్‌ఎల్‌ఏ-డీపీబీ1 గొలుసులో 69వ స్థానాన్ని పరిశీలించింది. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉన్న రకం రోగుల్లో 97 శాతం మందిలో కనబడింది. జబ్బు లేని కార్మికుల్లో 30 శాతం మందిలో. ఆ స్థానంలోని ఋణావేశం బెరీలియం అయాన్ చేరి కూర్చోడానికి అనువైనది.

అయితే ఉద్యోగంలో చేర్చుకునే ముందే ఈ జన్యువును పరీక్షించి కాదనేయవచ్చు కదా అన్న ఆలోచన వెంటనే పుట్టింది. లెక్క దానికి ఒప్పుకోదు. జబ్బు రానివాళ్లలోనే నూటికి ముప్పై మందికి ఆ రకం ఉంది. వాళ్లందరికీ పని లేకుండా చేయడం వైద్యమూ కాదు, న్యాయమూ కాదు. జబ్బును తగ్గించేది గాలిలోని మోతాదును తగ్గించడమే. అమెరికాలో 1949లో ఘనపు మీటరు గాలికి 2 మైక్రోగ్రాములుగా పెట్టిన బెరీలియం పరిమితిని 2017లో 0.2కు దించారు.

సిలికా కథ

భిలాయి వంటి చోట అసలు శత్రువు బెరీలియం కాదు, సిలికా. ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణం సిలికా స్ఫటికాన్ని మింగుతుంది గాని అరిగించుకోలేదు. లోపలి సంచి పగిలి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారం మోగుతుంది. కణజాలంలో మంట (వాపు) రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రోటీన్ బయటికి వస్తుంది. ఈ సంగతి 2008లో తేలింది. ఈ మంటలో టీఎన్‌ఎఫ్ అనే మరో సంకేత ప్రోటీన్ పాత్ర అంతకుముందే తెలుసు: 1990లో పీగే బృందం ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే సిలికా వల్ల ఊపిరితిత్తులు మచ్చకట్టడం ఆగింది. టీఎన్‌ఎఫ్ జన్యువు ముందుభాగంలో -308 స్థానపు మార్పు 1992లో బయటపడ్డాక వేట ఊపందుకుంది. 1997లో తైవాన్‌లో దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌తోనూ, 2001లో అమెరికా గని కార్మికుల్లో సిలికోసిస్‌తోనూ దానికి సంబంధం కనబడింది. ఐరోపా రోగుల్లో మాత్రం అదే ఫలితం నిలవలేదు. కొద్దిమంది నమూనాలతో ఒక్క జన్యువును పట్టుకుని తేల్చేయబోయిన కాలమది. దాని ఫలితాలను కాస్త అనుమానంగానే చూడాలి.

2009 తర్వాత జన్యురాశి మొత్తాన్ని జల్లెడ పట్టే అధ్యయనాలు వచ్చాయి. కారణం తెలియని ఫైబ్రోసిస్‌కు శ్లేష్మపు జన్యువు ఎంయూసీ5బీ ముందుభాగంలోని మార్పుతో ఉన్న గట్టి సంబంధం 2011లో తేలింది. 2019 నాటికి సీఓపీడీతో ముడిపడిన జన్యు స్థానాలు 82కి చేరాయి. ఒక్కొక్కదాని ప్రభావం చిన్నదే.

ఈ అధ్యయనాల్లో చాలావరకు ఐరోపా సంతతి రక్తం మీద చేసినవి. అయితే 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులోని 26 జనసముదాయాల్లో బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లదీ ఒకటి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009, 2017 అధ్యయనాలు, తరతరాల కులాంతర వివాహ నిషేధం వల్ల దక్షిణాసియాలో ఒక్కో సముదాయానికీ ప్రత్యేకమైన అరుదైన జన్యు మార్పులు పేరుకున్నాయని చూపాయి. భారతీయుల జన్యురాశులను చదవడానికి 2020లో మొదలైన జీనోమ్ఇండియా ప్రాజెక్టు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. స్వీడన్ లెక్కలు దుర్గ్‌కు అరువు తెచ్చుకునే అవసరం దీనితో తగ్గుతుంది.

దుమ్ము ముందు జన్యువు

మార్కాపురం పలకలకు పేరైతే, మంద్‌సౌర్ బలపాలకు పేరు. భిలాయి ఉన్న పాత మధ్యప్రదేశ్‌లోనే ఈ మంద్‌సౌర్. అక్కడి బలపాల కార్మికులను అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షించి 1985లో ప్రచురించిన ఫలితాల్లో సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉంది. అంత దుమ్ములో జన్యువు ఎవరినీ పెద్దగా కాపాడలేదు. మోతాదు తగ్గినచోటే పుట్టుక తేడాలు బయటపడతాయి.

వైద్యం అందడంలోనూ తేడాలున్నాయి. పర్మనెంటు ఉద్యోగులకు సెక్టార్-9లో కర్మాగారపు జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. దల్లీ-రాజహరా కాంట్రాక్టు గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘం కట్టుకుని, తామే శ్రమించి 1983లో షహీద్ ఆసుపత్రిని తెరిచారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు, ఆసుపత్రి నిలిచింది.

2016 లెక్కల ప్రకారం దేశంలో సీఓపీడీ రోగులు సుమారు 5.5 కోట్లు. ఆ భారంలో సగానికి పైగా వాయుకాలుష్యానిది, పావువంతు పొగాకుది, దాదాపు ఆరోవంతు వృత్తిది. సిలికోసిస్‌ను 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. 2020 వృత్తి భద్రతా కోడ్ జాబితాలోనూ అది ఉంది. అందువల్ల దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లే కార్మికులు ఏ విభాగంలో, ఏ దుమ్ములో, ఎన్నేళ్లు పనిచేశారో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవాలి. నష్టపరిహారానికి అడిగేది ఆ వివరాలనే. జన్యు పరీక్షను కాదు.