ఎర్ర సంచీ, ఉప్పూ: పిడి రోగుల్లో ఇన్‌ఫ్లమేషన్ మూలాలపై ఒక అభ్యంతరం

పెరిటోనియల్ డయాలిసిస్ (పిడి) రోగుల్లో ఇన్‌ఫ్లమేషన్ సూచికలైన సిఆర్‌పి, ఐఎల్-6 ఎందుకు పెరుగుతాయో తేల్చడానికి పరిశోధకులు రక్తం తీశారు, ద్రావణాన్ని పరీక్షించారు, పొట్టలోని పొర ముక్కను కోసి చూశారు. వంటింటి వైపు తొంగిచూసినవాళ్ళు తక్కువ. మన తీరప్రాంతంలోని కవిటి, సోంపేట మండలాల్లో పిడి మీదున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాక నాకో అనుమానం పట్టుకుంది. ఏ రంగు సంచీ ఎక్కించాలో తేలుస్తున్నది డాక్టరు చీటీ కాదు, ఉప్పు.

ఒక ఇంట్లో మంచం కింద ద్రావణం అట్టపెట్టెలు, మేకుకు వేలాడుతూ ఒక నోటుబుక్కు. అందులో గాఢత రాయరు, సంచీ రింగు రంగు రాస్తారు: పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. ఒక పేజీలో వరసగా ఎరుపులే ఉంటే ఎందుకని అడిగాను. "మావోడు ఎండు నెత్తళ్ళు తినీసినాడు బాబూ, కాళ్ళు నీరు పట్టేసినాయి. ఎర్రది ఎక్కించీసినాం" అంది రోగి తల్లి.

ఆ ఒక్క మాటలో ఉన్న లెక్క చూద్దాం. రెండు లీటర్ల పసుపు సంచీలో గ్లూకోజ్ సుమారు 27 గ్రాములు, ఎర్రదాంట్లో 77. సంచీలను వేడితో శుద్ధి చేసేటప్పుడే గ్లూకోజ్ విరిగి మిథైల్‌గ్లయాక్సాల్, 3-డీఆక్సీగ్లూకోసోన్ వంటివి పుడతాయి. పాతరకం ద్రావణమైతే పిహెచ్ 5.5 దగ్గరే ఉంటుంది, ఆ ఆమ్లత్వమూ పొరకు మంచిది కాదు. ఇంత గ్లూకోజ్ తగిలితే పొరను కప్పి ఉండే మీసోథీలియల్ కణంలో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే ఎన్ఎఫ్-కప్పాబి మేలుకుంటుంది, టిజిఎఫ్-బీటా, విఇజిఎఫ్ విడుదలవుతాయి. కణం తన రూపం వదిలేసి ఫైబ్రోబ్లాస్టులా మారిపోతుందని మాడ్రిడ్ బృందం 2003లోనే చూపింది. కొత్త రక్తనాళాలు మొలిచి పొర గ్లూకోజ్‌ను త్వరగా పీల్చేసుకుంటే నీరు దిగదు. నీరు దిగకపోతే మళ్ళీ ఎర్రదే. ఎక్కువ గ్లూకోజ్ తగిలినవాళ్ళలోనే తర్వాత పొర రవాణా వేగం పెరిగిందని సైమన్ డేవీస్ బృందం 2001లో రాసింది.

నా పేచీ ఆ డేవీస్ కూడా భాగస్వామిగా ఉన్న గ్లోబల్ ఫ్లూయిడ్ స్టడీతోనే. 2013లో లాంబీ తదితరులు ప్రకటించిన ఆ వ్యాసం ప్రకారం పొట్టలోని ఐఎల్-6 పొర వేగాన్ని నిర్ణయిస్తుందే తప్ప ప్రాణానికి ముప్పు తేదు. ముప్పంతా రక్తంలోని ఐఎల్-6ది. పొట్ట వేరు, ఒళ్ళు వేరు అన్నమాట. ఆనాటి నుంచి ఈ విభజనను అందరూ వేదవాక్కులా వల్లిస్తున్నారు. గణాంకాల్లో రెండు కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కనిపించినంత మాత్రాన రోగి జీవితంలో అవి విడిగా నడుస్తున్నట్టు కాదు. ఈ ఏడాది పొర చెడితే నీరు పట్టేది మరో మూడేళ్ళకు కావచ్చు. పైగా ఆ రోగులు కొరియా, బ్రిటన్, కెనడాల వాళ్ళు. మన చద్దన్నం, ఊరగాయ, ఎండుచేప ఆ సమీకరణంలోకి రాలేదు.

డయాలిసిస్ మొదలుకాకముందే కిడ్నీ రోగుల పొర దళసరిగా ఉంటుందని కార్డిఫ్ బయాప్సీలు చూపిన మాట నిజమే, కానీ నా వాదనకు అది పెద్ద అడ్డంకి కాదు.

ఇక ఒళ్ళంతా వ్యాపించే ఇన్‌ఫ్లమేషన్ సంగతి. పిడి రోగుల రక్తంలో బ్యాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ ఎక్కువగా ఉందనీ, అది సిఆర్‌పితో ముడిపడి ఉందనీ హాంకాంగ్‌లో సెటో బృందం 2008లో తేల్చింది. గుండె వైఫల్యంలో ఒళ్ళు నీరుపట్టినవాళ్ళకూ ఇదే ఎండోటాక్సిన్ పెరుగుతుంది. నీరుపట్టి ఉబ్బిన పేగుగోడే దానికి దారి ఇస్తోందన్నది నా నిర్ధారణ. అంటే ఉప్పు రెండు వైపులా పనిచేస్తోంది: ఎర్ర సంచీ ద్వారా పొరను, నీటి ద్వారా పేగును దెబ్బతీస్తోంది. స్టెన్‌వింకెల్ 2000లో వర్ణించిన పోషకలోపం, ఇన్‌ఫ్లమేషన్, ధమనుల గట్టిదనం అనే త్రయానికి మన తీరప్రాంతంలో మూలం ఇదే. విటమిన్-ఇ, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలతో దీన్ని అదుపు చేయాలనుకోవడం వృథా శ్రమ.

కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ డయాలిసిస్ కార్యక్రమం కింద 2019లో పిడికి మార్గదర్శకాలు ఇచ్చింది. సిఆర్‌పి పరీక్ష ఖర్చుకంటే ముందు వాటిలో చేరాల్సిన పరీక్ష మరొకటుంది. మూత్రం ఆగిపోయిన, బరువు నిలకడగా ఉన్న రోగి ఉప్పు ఎంత తింటున్నాడో తెలుసుకోవడానికి ఏమేం తిన్నావని అడగక్కర్లేదు. 24 గంటల్లో దిగిన ద్రావణమంతా కొలిచి, అందులోని సోడియంలోంచి ఎక్కించిన సోడియం తీసేస్తే చాలు. జిల్లా ఆస్పత్రి ల్యాబులో ఉన్న ఎలక్ట్రోలైట్ యంత్రమే దీనికి సరిపోతుంది.